నాలుగు లక్షలతో సొంత కెమెరా కొనాలా, కెమెరాలు అద్దెకిచ్చే సంస్థలో పనికి చేరాలా?

బ్రాడీపేట కుర్రాడు: గుంటూరులో మూడేళ్లుగా పెళ్లిళ్లకు వీడియో తీస్తున్నాను. సినిమా కెమెరా విభాగంలో చేరాలని ఉంది. మిర్చి అమ్మగా వచ్చిన డబ్బులో నాలుగు లక్షలు ఇస్తానని నాన్నగారు అంటున్నారు. నా పాత కెమెరా అమ్మేసి, ఆ డబ్బూ కలిపి మంచి కెమెరా కొనుక్కుని హైదరాబాదు వెళ్లమంటారా, లేక ఖాళీ చేతులతోనే వెళ్లమంటారా? అనుభవమున్న పెద్దలు చెప్పగలరు.

గాంధీనగర్ పాతకాపు: కొనవద్దు బాబూ. సినిమాకు ఆరి అలెక్సా వంటి కెమెరాలు అద్దెకు వస్తాయి, వాటి వెంట అద్దె సంస్థ తరఫున అటెండెంట్ వస్తాడు. నీ దగ్గర కెమెరా ఉన్నదని ఏ ఛాయాగ్రాహకుడూ నిన్ను పిలవడు. అద్దె సంస్థలో చేరి పెట్టెలు విప్పడం, లెన్సులు తుడవడం, బ్యాటరీలు, కార్డులు లెక్కపెట్టుకోవడం నేర్చుకుంటే, క్లాప్ కొట్టడం, ఫోకస్ పట్టడం, కెమెరా నడపడం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నేను రీలు కాలంలో వచ్చినవాణ్ణి. నాలుగు వందల అడుగుల రీలు నాలుగున్నర నిమిషాలలోపే అయిపోయేది. నల్లసంచిలో చేతులు పెట్టి, చూడకుండానే మ్యాగజైన్‌లో, అంటే కెమెరాకు తగిలించే రీలు పెట్టెలో, రీలు నింపేవాళ్లం. అందులోకి కాస్త వెలుతురు చొరబడితే తీసినదంతా పోయేది. ఆ భయమే మాకు పని నేర్పింది.

కృష్ణలంక ఫ్రేము: పాతకాపు గారు చెప్పిన మెట్లు రీలుతోపాటే పోయాయి. ఇప్పుడు కెమెరాయే ముఖాన్ని గుర్తుపట్టి ఫోకస్ పట్టుకుంటుంది. సోనీ ఎఫ్‌ఎక్స్3 అరచేతిలో పట్టేంత ఉంటుంది, అయినా నెట్‌ఫ్లిక్స్ ఆమోదించిన కెమెరాల జాబితాలో ఉంది. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి రెండో టేకు ఉండదు. ఆ ఒత్తిడిలో మూడేళ్లు పనిచేసిన వ్యక్తిని పెట్టెలు మోయమనడం ఏం న్యాయం? సొంత కెమెరా కొనుక్కోమనే నా మాట.

గాంధీనగర్ పాతకాపు: లెక్క చూడండి. 85 ఎంఎం లెన్సు, దాని అపర్చరు (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) టి2 దగ్గర బాగా తెరిచి ఉండి, నటుడు రెండు మీటర్ల దూరంలో ఉంటే, స్పష్టంగా కనిపించే లోతు ఐదారు సెంటీమీటర్లకు మించదు. కన్ను నిలిస్తే చెవి మసకబారుతుంది. పైగా పీఎల్ మౌంట్ (సినిమా కెమెరాకు లెన్సు బిగించే పద్ధతి) ఉన్న లెన్సుల్లో చాలావాటికి ఆటోఫోకస్ మోటారే ఉండదు, అందుకే టేపుతో కొలిచి, నేలమీద గుర్తులు పెట్టి, చేత్తో తిప్పుతారు. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఏ మాట దగ్గర ఎవరి ముఖం మీదికి మారాలో మీ ఎఫ్‌ఎక్స్3కి ఎవరు చెబుతారు?

కృష్ణలంక ఫ్రేము: తెర మీద వేలు పెట్టి చెప్పవచ్చు. ఎన్నిసార్లు చెప్పినా ఆ టేపు వదలరేమండీ!

తెనాలి వెన్నెల: అతను అడిగినది నాలుగు లక్షల గురించి, టేపు గురించి కాదు.

సత్తెనపల్లి: డిగ్రీ ఉంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష రాయండి. సినిమాటోగ్రఫీ కోర్సు మూడేళ్లు.

గాంధీనగర్ పాతకాపు: ఇన్‌స్టిట్యూట్ మంచిదే. కానీ అక్కడినుంచి వచ్చినవాడు కూడా మొదట పెట్టె మోయవలసిందే. ఓపిక లేనివారికి ఈ రంగం ఎందుకు?

కృష్ణలంక ఫ్రేము: ఓపిక అన్నారు కాబట్టి చెబుతున్నాను. 2016లో ఒక ఛాయాగ్రాహకుడి దగ్గర పద్నాలుగు నెలలు జీతం లేకుండా పనిచేశాను. షూటింగు ఉన్న రోజున భోజనం, లేని రోజున అదీ లేదు. హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక్క గదికి నలుగురం అద్దె పంచుకునేవాళ్లం, నా వంతు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టింది. చివరికి తెర మీద నా పేరు కూడా వేయలేదు. నా చేతిలో ఒక కెమెరా ఉండి ఉంటే ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు తీసుకుని అద్దె కట్టుకునేవాణ్ణి. కెమెరా కొనమన్నది సినిమా తీయడానికి కాదు, ఆకలి తీరడానికి.

తెనాలి వెన్నెల: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఆటోఫోకస్ గొడవ తప్పేది.

గాంధీనగర్ పాతకాపు: నేను ఛాయాగ్రాహకుడి దగ్గర ఉచితంగా పనిచేయమనలేదు, అద్దె సంస్థ అన్నాను. అటెండెంట్‌కు బత్తా ఉంటుంది.

కృష్ణలంక ఫ్రేము: సూటిగా అడుగుతున్నాను. మీ దగ్గర సహాయకులుగా చేరినవారికి మొదటి సినిమాకు ఎంత ఇచ్చారు?

గాంధీనగర్ పాతకాపు: ఏమీ ఇవ్వలేదు. నాకూ ఎవరూ ఇవ్వలేదు. మద్రాసులో మా మేనమామ ఇల్లు ఉండేది, రెండేళ్లు అక్కడే తిన్నాను.

కృష్ణలంక ఫ్రేము: మేనమామ లేనివాడు ఏం చేయాలి?

సత్తెనపల్లి: అంటే మీరిద్దరూ తగువులాడింది ఫోకస్ గురించి కాదన్నమాట.

బ్రాడీపేట కుర్రాడు: ఇద్దరికీ నమస్కారాలు. కొత్తది కొనను. పాత కెమెరా అమ్మను. నాన్నగారి దగ్గర లక్షన్నర మాత్రం తీసుకుంటాను. కృష్ణానగర్‌లో గదికి, తిండికి ఏడాదిపాటు అది సరిపోయేలా చూసుకుంటాను. ముందు అద్దె సంస్థల్లోనే అడుగుతాను, ముహూర్తాలున్న రోజుల్లో గుంటూరు వచ్చి పెళ్లిళ్లు చేస్తాను. పాతకాపు గారూ, అద్దె సంస్థవారు అలా సెలవు ఇస్తారా?

గాంధీనగర్ పాతకాపు: ముహూర్తాలున్నాయని షూటింగులు ఆగవు బాబూ. పని లేని వారంలో వెళ్లిరావచ్చు, షూటింగు మధ్యలో అడిగితే మాత్రం మళ్లీ పిలవరు. చేరే రోజునే ఈ మాట చెప్పి ఒప్పించుకో.

కృష్ణలంక ఫ్రేము: అబ్బాయికి సమాధానం చెప్పారు, సంతోషం. నేను అడిగినది మాత్రం అలాగే ఉంది.