కళింగపట్నంలో గైడుతో కరెంటు సైకిలు టూరు: పనికొస్తుందా, ఆటో చాలదా?

నాగావళి గట్టు:
పోయిన జనవరిలో ఫోర్ట్ కొచ్చిలో కరెంటు సైకిలెక్కాను. గైడుతో కలిపి ఆరుగురం, మూడు గంటలు, మనిషికి 1200. "తొక్కితేనే మోటారు తోస్తుంది, ముందు బ్రేకు ఒక్కటే నొక్కొద్దు" అని రెండు ముక్కలు చెప్పి బయల్దేరదీశాడు. చీనా వలల దగ్గర ఆపి, వెనక తాళ్లకి బండరాళ్లు ఎందుకు వేలాడతాయో, ఆ బరువుతో అంత వల పైకెలా లేస్తుందో దగ్గరుండి చూపించాడు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కో డ గామా సమాధి రాయి ఉంది. 1524లో అక్కడే పూడ్చారట, తర్వాత ఎముకలు పోర్చుగల్ పట్టుకెళ్లిపోయారట. ఖాళీ గొయ్యి చుట్టూ ఎంత జనమో!

మనకి శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం ఉంది. లైట్‌హౌసు, వంశధార సముద్రంలో కలిసే చోటు, కాస్త లోపలికెళ్తే బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం. ఇలాంటి టూరు ఇక్కడ పెడితే నడుస్తుందా? నాకైతే నడుస్తుందనే ఉంది.

సిక్కోలు మావయ్య:
కొచ్చిలో చూపించడానికి వీధులున్నాయి, గోడలున్నాయి. ఇక్కడ ఏటుంది బాబూ? ఇసకా, సముద్రమూను. నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుంటే మధ్యాన్నం భోజనానికి ఇంటికొచ్చేస్తారు. పైగా ఉప్పుగాలి. సముద్రానికి దగ్గర్లో మా చెల్లెలింటి ఇనప గేటుని నాలుగేళ్లకి తినేసింది. నీ బ్యాటరీ డబ్బా ఎన్నాళ్లుంటాది?

చైన్ గ్రీజు:
గేటు రోజూ తుడవరు మావయ్యా, సైకిలు తుడుస్తారు. రిపేరు చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్లు దాటని బండి అయితే లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. కాలు కూడా కలిపితే ముప్పై కిలోమీటర్ల పైనే లాగుతుంది. శాలిహుండం, కళింగపట్నం తిరగడానికి ఎక్కువే. శ్రీకాకుళం నుంచే తొక్కుకుపోయి మళ్లీ తొక్కుకొస్తామంటే మాత్రం తిరుగు దారిలో మోటారు చస్తుంది, బరువు బండి తొక్కలేక మనమూ చస్తాం.

సమస్య గాలి కాదు, ఇసక. ఫొటో కోసం బండిని తడి ఇసకలోకి దింపేవాడు ఒక్కడుంటే చాలు, చైనూ పోతుంది, చైను తిరిగే చక్రం పళ్లూ అరుగుతాయి. సాయంత్రం మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆయిలు పెట్టాలి. పైపు పెట్టి కొట్టారంటే మోటారులోకి నీళ్లు.

ఇజీనగరం కోడలు:
నా ప్రశ్న వేరే. మాకు భీమిలి దగ్గర, ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. డచ్చివాళ్ల గోరీలున్నాయక్కడ, రాళ్ల మీద ఏదో రాత. ఒక్కసారైనా చదివి చెప్పినవాళ్లు లేరు. పిల్లలు ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తారు. అంచేత డబ్బు పెడితే గైడుకి పెట్టాలి, సైకిలు ఏదైతేనేం.

అయితే మోటారు వద్దనను. నాకు మోకాలి నొప్పి. మధ్యాన్నం సముద్రం మీంచి ఎదురుగాలి తగిలితే మామూలు సైకిలు నా వల్ల కాదు. చైనుకి మూత ఉన్న బండి ఉంచండి బాబూ, చీర కట్టుకున్నవాళ్లం కూడా వస్తాం.

రేవు గుంటడు:
నాది కళింగపట్నమే. మావయ్యా, "ఏటుంది" అనీకు. తుపాను వస్తే పేపర్లో "కళింగపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చదవలేదా? ఓడలు రాని రేవుకి ఆ నంబరెందుకో ఎవరైనా ఆగి అడిగారా? 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను మా ఊరికి ఉత్తరాన తీరం దాటింది. ఆ రాత్రి పడవలు ఎంత పైకి లాక్కున్నామో, ఏ తాడు తెగిందో మా నాన్న చెప్తే గంట పడతాది. ఆటోవోడు చెప్తాడా?

కానీ నా బాధ ఇంకోటి. సైకిళ్లు వైజాగు నుంచి, గైడూ వైజాగు నుంచి వస్తే మాకు మిగిలేది బొండాల బేరం. సేపలు ఎండేసిన సోట సైకిళ్లు తోలీసి, అడక్కుండా మా అమ్మోళ్లని ఫొటోలు తీసీవోళ్లు ఇప్పటికే శానామంది. అలాంటి టూరైతే నాను ఒప్పుకోను.

నాగావళి గట్టు:
తమ్ముడూ, ఆ మాట ముందే రాయాల్సింది నేను. కొచ్చిలో మా గైడుది ఆ వీధే. దారిలో ప్రతి కొట్టువాడూ పేరు పెట్టి పిలిచాడు. అందుకే వల దగ్గర తాడు పట్టుకోనిచ్చారు మమ్మల్ని.

సిక్కోలు మావయ్య:
సరే, నంబరు సంగతి ఒప్పుకున్నాను, నాకూ తట్టలేదు. కానీ శాలిహుండం బౌద్ధ స్తూపాల సంగతి 1919లో బయటపెట్టింది మన గిడుగు రామ్మూర్తి పంతులుగారు. ఆయన కరెంటు సైకిలు మీద వచ్చారేటి? తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూడాలన్నా, స్తూపాల మధ్య తిరగాలన్నా సైకిలు దిగి నడవాల్సిందే.

ఇజీనగరం కోడలు:
పంతులుగారికి మోకాలి నొప్పి ఉందో లేదో మీకేం తెలుసు మావయ్యగారూ?

చైన్ గ్రీజు:
😄 ముందు అరడజను బళ్లు కొనకండి. పాత సైకిలుకే మోటారు కిట్టు బిగించొచ్చు. రెండు చేసి చూద్దాం. ఒక వానాకాలం నిలబడితే అప్పుడు మాట్లాడుకుందాం.

రేవు గుంటడు:
కిట్టు తర్వాత. ఆదివారం ఆరింటికల్లా రండి, మా ఇళ్లలో మామూలు సైకిళ్లు నాలుగున్నాయి. బేగి రండి, ఎనిమిదైతే వల లాగడం అయిపోతాది. ఫొటోలకి మా అమ్మని అడగాలి.

సిక్కోలు మావయ్య:
నాను ఆటోలో వస్తాను.