పాపకి ఒక కంటిపాప పెద్దది, ఇంకోటి చిన్నది, భయంగా ఉంది

చంద్రగిరి_అమ్మ:
మా పాపకి నాలుగేళ్ళు. నిన్న తలకి పోసి కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల తుడస్తా చూస్తే ఎడమ కంట్లో నల్లగుడ్డు మధ్యలో చుక్క కుడిదానికంటే పెద్దగా కనపడింది. బాగానే ఆడుకుంటాంది, తింటాంది, యాడా పడలేదు. మా అత్త దిష్టని ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది, ఇప్పుడు ఆముదం చుక్క వేద్దామంటాంది. గూగుల్‌లో చూస్తే మెదడులో గడ్డ అని వచ్చింది, రాత్రంతా నిద్ర లేదు. ఎవరి పిల్లలకన్నా ఇట్లా ఉందా?

పుత్తూరు_ఆప్టో:
ఆముదం మాత్రం వేయనీయొద్దక్కా. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, కళ్ళు పరీక్ష చేసేదాన్ని. 100 మందిలో 20 మందికి దాకా రెండు కంటిపాపలూ కొంచెం తేడాగా ఉంటాయి, మామూలుగా 1 మిల్లీమీటర్ లోపే, మనవి ముదురు రంగు కళ్ళు గాబట్టి ఎవరూ కనిపెట్టరు. బాగా వెలుతురులో ఒకసారి, లైట్లు ఆపేసి మసకలో ఒకసారి ఫోన్‌లో వీడియో తీయండి. తేడా రెండిట్లోనూ ఒకటే ఉంటే చాలావరకు భయం లేదు. మసకలో తేడా పెరిగితే చిన్నగా ఉన్న కంటిపాపే విచ్చుకోవట్లేదని, ఆ కంటి రెప్ప కూడా కొంచెం వాలిందేమో చూడాలి, అది హార్నర్ సిండ్రోమ్ (కంటికి పోయే నరాల దారి దెబ్బతింటే వచ్చేది) కావచ్చు, పిల్లల్లో అరుదుగా మెడలోనో ఛాతీలోనో గడ్డ వల్ల వస్తుంది గాబట్టి స్కాన్‌లు రాస్తారు. వెలుతురులో పెరిగితే పెద్దగా ఉన్న కంటిపాపే ముడుచుకోవట్లేదని. తలకి దెబ్బ, వాంతులు, మత్తు, రెప్ప వాలడం, కొత్తగా మెల్ల, వీటిల్లో ఏదున్నా పొద్దున చూద్దాంలే అనుకోకుండా తిరుపతి రుయా ఆస్పత్రి ఎమర్జెన్సీకి పోండి.

పలమనేరు_నాన్న:
మావోడి కథ వినండి. వినాయక చవితికి పత్రి కోయను తాత ఎంట పోయి ఉమ్మెత్త ఆకులు నలిపి అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. సాయంత్రానికి కుడి కంటిపాప గోళీ అంత అయింది, టార్చ్ వేసినా కదల్లే. మొదట పోయిన చోట ఏం అడక్కుండానే తలకి స్కాన్ రాసినారు, ఇంకో డాక్టరమ్మ మాత్రం "నిన్న ఏం ముట్టుకున్నాడు?" అనింది. కంటిపాపని ముడిచే పైలోకార్పిన్ చుక్కలేసి చూసింది, ముడుచుకోలే. నరం దెబ్బతిని ఉంటే దానికి ముడుచుకునేదంట, మందు పట్టేసిన కన్ను ముడుచుకోదంట. ఉమ్మెత్తలో అట్రోపిన్ ఉంటాది, కంటాస్పత్రిలో కంటిపాప పెద్దది చేసేదానికి వేసే కొన్ని చుక్కల్లో ఉండేదీ అదే గదా. ఐదారు రోజులకి దానంతటదే సరిపోయింది. నెబులైజర్ మాస్కు వదులుగా ఉండి ఇప్రాట్రోపియం అనే ఆయాసం మందు ఆవిరి కంట్లోకి పోయినా ఇట్లే అయితాదని చెప్పినారు. మీ పాప ఏమన్నా ముట్టుకుందా?

కొర్లగుంట_అక్క:
పాత ఫోటోలు తియ్యమ్మా ముందు. ఫ్లాష్ పడి కళ్ళు ఎర్రగా వచ్చినవాటిల్లో సైజు భలే తెలుస్తాది. ఎరుపు బదులు ఒక కన్ను తెల్లగా మెరిస్తే మాత్రం అది వేరే సంగతి, ఆరోజే డాక్టరుకి చూపించాల.

చంద్రగిరి_అమ్మ:
ఉమ్మెత్తా లేదు, నెబులైజరూ లేదు. వీడియోలు తీసినా, రెండిట్లోనూ తేడా ఒకటే. ఫోటోలు వెతికితే ఏడాది వయసులో కొండ మీద గుండు కొట్టించినప్పుడు మా మరిది తీసింది దొరికింది, గుండుకి గంధం, ఏడుపు మొహం, రెండు ఎర్ర చుక్కలు, ఎడమది పెద్దది! మూడేళ్ళు ఎత్తుకుని తిరిగి నేనే చూసుకోలేదు. అయినా సోమవారం అరవింద్ కంటాస్పత్రిలో చూపిస్తా, ఆ ఫోటో కూడా తీసుకుపోతా. ఆముదం సీసా బీరువాలో పెట్టి తాళం వేసినా.