యూకేజీలో కార్నర్లు పెట్టాను, అందరూ మట్టి దగ్గరే!

తెనాలి మేడమ్:
మాది తెనాలి పక్కన చిన్న స్కూలు. యూకేజీలో 32 మంది. నేనూ, ఒక ఆయమ్మ. దసరా సెలవులయ్యాక గదిలో నాలుగు కార్నర్లు పెట్టాను: బంకమట్టి, చింతపిక్కలు, వంటిల్లు, పుస్తకాల చాప. వెళ్ళండి అంటే చాలు, ఇరవై మంది మట్టి మీద పడతారు. నిన్న ఒకడు పక్కవాడు చేసిన పాముని తొక్కేశాడు. పాము పోయినవాడు మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తీయలేదు. చాప మీద ఫ్యాను గాలికి పేజీలు తిరగడం తప్ప ఏమీ లేదు. పైగా పేరెంట్స్, "నోట్‌బుక్కు ఖాళీగా ఉందేంటి మేడమ్?" అని. ఒకటే టెన్షన్.

గోదావరి టీచర్:
32 మందికి నాలుగంటే చోటుకి ఎనిమిది మంది, కొట్టుకోక ఏం చేస్తారండీ! కార్నర్లు ఆరు చేయండి. ప్రతి కార్నర్ దగ్గర తాడు కట్టి ఆరు బట్టల క్లిప్పులు పెట్టండి. పిల్లలు తమ పేరు చీటీ తగిలించుకుని కూర్చోవాలి, ఖాళీ క్లిప్పు లేకపోతే ఇంకో చోటికి. మొదటి వారం మీ గొంతు పోతుంది. తర్వాత వాళ్ళే "నిండిపోయింది, పో" అంటారు.

కరీంనగర్ టీచరమ్మ:
చింతగింజలు ఊరికే లెక్కపెట్టిస్తున్నారా? ఐదు గింజలు తీసుకుని ఒకవైపు తెల్లగా అయ్యేదాకా గచ్చుమీద అరగదీయండి, అష్టాచెమ్మాకి చేసినట్టే. గుప్పిట్లో వేసి విసిరితే మూడు తెల్లవి, రెండు నల్లవి. మళ్ళీ విసిరితే నాలుగు, ఒకటి. మా క్లాసులో ఒక పాప పది రోజులు విసిరి విసిరి, "ఎట్ల పడ్డా ఐదే టీచర్!" అని అరిచింది. కూడిక నేను చెప్పనే లేదు. ఒక్క జాగ్రత్త: ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ గింజలు లెక్కపెట్టుకోండి. ఒకసారి ఒక బాబు శనగగింజ ముక్కులో పెట్టుకున్నాడు. అది నాని ఉబ్బింది, డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

ఇద్దరు పిల్లల అమ్మ:
నేనూ అలా అడిగినదాన్నే మేడమ్! మా టీచరు 2020 జాతీయ విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటలతోనే నేర్పమన్నారని కాగితం పంపితే నేను చదవలేదు. తర్వాత ఒక శనివారం మమ్మల్నే పిలిచి పళ్ళెంలో బియ్యం పోసి, "అక్షరాభ్యాసం నాడు మీరు దిద్దించింది ఇందులోనే కదా" అన్నారు. ఇంకేం మాట్లాడతాను!

తెనాలి మేడమ్:
మూడు వారాలైంది. క్లిప్పులు పనిచేశాయి. చాప ఎత్తేసి, వంటిల్లుని హోటల్ చేసి, మెనూ కార్డూ ఆర్డర్ చీటీలూ పెట్టాను. ఇడ్లీకి "ఇ", పక్కన 2. ఆ చీటీలే ఇళ్ళకి పంపుతున్నాను, నోట్‌బుక్కు గొడవ తగ్గింది. పాముని తొక్కినవాడే ఓనరు. నా పేరు మీద రెండు దోసెలు బాకీ రాసుకున్నాడు.