బైబరీ లాంటి ఊళ్ళకు వీకెండ్‌లో వెళ్ళడం మానేయాలా?

థేమ్స్‌గట్టు:
ప్రతి సమ్మర్‌కీ ఇదే ప్రశ్న: "అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, ఒక్క శనివారంలో ఇంగ్లండ్ కొండప్రాంతం కాట్స్‌వోల్డ్స్‌లో ఏ ఊళ్ళు చూపించాలి?" జవాబూ ఒకటే: బైబరీ, బోర్టన్, కాసిల్ కూమ్. ఆ లిస్టులోంచి బైబరీని తీసేయమంటాను. అది సుమారు 600 మంది ఉండే ఊరు. మనం ఫోటోలు దిగే ఆర్లింగ్టన్ రో ఇళ్ళలో మనుషులు కాపురాలు చేస్తున్నారు. 2017లో ఒక పెద్దాయన పసుపు కారును అక్కడే ఎవరో ధ్వంసం చేశారు. ఫోటోల్లో కారు అడ్డమొస్తోందని అంతకుముందు నుంచీ గొణుగుడు ఉండేది. సొంత ఇంటి దగ్గర కారు పెట్టుకున్న పాపానికి! 2025లో టూరిస్టు బస్సుల పార్కింగును కౌంటీ కౌన్సిలే కట్టడి చేయాల్సి వచ్చింది. సంత జరిగే టౌన్‌కి వెళ్ళండి. మోర్టన్-ఇన్-మార్ష్‌లో మంగళవారం సంత, లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుంచి నేరుగా రైలు.

స్లౌ సెకండ్‌హ్యాండ్ కారు:
మంగళవారమా! "సంత ఉంది, లీవ్ కావాలి" అని మేనేజర్‌ని అడగమంటావా అన్నా? ఆర్లింగ్టన్ రో అంటే ఊరికే ఫోటో కాదు. 14వ శతాబ్దంలో ఉన్ని దాచే కొట్టు, 17వ శతాబ్దంలో నేతపనివాళ్ళ ఇళ్ళుగా మార్చారు. ఎదురుగా ఉన్న చిత్తడి నేలలో చట్రాలు నిలిపి బట్ట ఆరేసేవారు. మా మామగారు చీరాల మగ్గాల ఇంట్లో పుట్టిపెరిగిన మనిషి. ఆ ఇళ్ళ ముందు ఆగిపోయి, "అల్లుడూ, ఇంత చిన్న కిటికీ వెలుతురుకి పోగు తెగితే కనబడుతుందా?" అని అడిగారు. ఆయన్ని ఏ సంతకు తీసుకెళ్తే ఆ మాట వచ్చేది?

లీడ్స్ ఇడ్లీపాత్ర:
మీకు లండన్ చుట్టుపక్కల తప్ప ఇంగ్లండ్ లేదా? మా యార్క్‌షైర్‌లోని స్కిప్టన్‌లో శనివారం కూడా సంతే. లీడ్స్ నుంచి రైలుంది. హై స్ట్రీట్‌కి రెండు పక్కలా రాళ్ళు పరిచిన జాగాలో దుకాణాలు వేస్తారు. వీధి పై చివర కోట. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ముట్టడికి దెబ్బతింటే కోట యజమానురాలు లేడీ ఆన్ క్లిఫర్డ్ బాగుచేయించింది, 1659లో ఆమె నాటించిన యూ చెట్టు లోపలి ప్రాంగణంలో ఇంకా ఉంది. మెట్లెక్కలేని పెద్దవాళ్ళకు కాలువలో పడవ షికారు. వెజిటేరియన్లు ‘పై’ (లోపల కూరిన పిండివంట) కొనేముందు లోపల ఏముందో అడగండి, ఇక్కడ పోర్క్ పైలే ఎక్కువ.

సఫోక్ పక్కూరు:
సంత ఊరు మంచిది, ఫోటోల ఊరు చెడ్డది అని విడదీయడమే నాకు ఎక్కదు. మా సఫోక్‌లోని లావెనమ్ చూడండి. 1524 పన్ను లెక్కల్లో ఇంగ్లండ్‌లోని బాగా డబ్బున్న టౌన్లలో అదొకటి, అంతా నీలిరంగు ఉన్ని బట్ట వ్యాపారం. తర్వాత డచ్ నేతగాళ్ళు కోల్చెస్టర్‌లో తేలికపాటి బట్ట చవగ్గా నేయడంతో దెబ్బతింది. పచ్చి ఓక్ దూలాలు ఆరేకొద్దీ ఇళ్ళు వంకర తిరిగాయి. పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేక అలాగే వదిలేశారు. మనం అందమని ఫోటో తీసేది ఆ ఊరి దివాలాని. ఇవాళ అందరూ విలేజ్ అనే ఆ ఊరు ఒకప్పుడు మంచి సంత ఊరే. చూసేవాళ్ళు రాకపోతే 1530 ప్రాంతపు గిల్డ్‌హాల్ (పాత సంఘ భవనం) కప్పు ఎవరు బాగుచేయిస్తారు?

థేమ్స్‌గట్టు:
అక్కడ టికెట్ కొని లోపలికెళ్తారు, టీ తాగుతారు. బైబరీలో మనం చేసేదేమిటి? డబ్బాలో పులిహోర తెచ్చుకుని, పది ఫోటోలు దిగి, చెత్తబుట్ట నింపేసి బస్సెక్కుతాం. ఊరికి మిగిలేది ట్రాఫిక్ జామ్. చరిత్ర మీద ఆసక్తి ఉన్న మామగారు ఒక్కరు, ఆ వెనకాల సెల్ఫీ స్టిక్కులు ఎన్ని!

స్లౌ సెకండ్‌హ్యాండ్ కారు:
పులిహోర జోలికి రావద్దన్నా. జూన్‌లో తొమ్మిదిదాకా వెలుతురుంటుంది కదా, వీక్‌డే సాయంత్రం బస్సులు పోయాక వెళ్తే ఎవరికి నష్టం?

లీడ్స్ ఇడ్లీపాత్ర:
ఆ ఊరివాళ్ళకి. బస్సులు పోయాకే వాళ్ళు అరుగు మీద కూర్చునేది.

స్లౌ సెకండ్‌హ్యాండ్ కారు:
సరే అక్కా, స్కిప్టన్‌లో శనివారం పార్కింగ్ దొరుకుతుందా?

లీడ్స్ ఇడ్లీపాత్ర:
రైలెక్కమని పైన చెప్పాను కదా తమ్ముడూ.