డిగ్రీ కాలేజీ లైబ్రరీ: కోహా సర్వర్‌కి, పాత డెస్క్‌టాప్‌లకి ఏ లినక్స్ వేయాలి?

గ్రంథాలయం_డెస్క్

నమస్కారం అండి. మాది డిగ్రీ కాలేజీ లైబ్రరీ. పుస్తకాల్లో సగానికి పైగా తెలుగువే. రిజిస్టర్లు పక్కనపెట్టి కోహా అనే లైబ్రరీ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌కి మారాలని నిర్ణయమైంది. చేతిలో ఉన్న సామాను ఇదీ:

సర్వర్ కోసం ఒక ఐ5 మెషీన్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కులు రెండు. డెస్క్‌టాప్‌లు తొమ్మిది: ఆరు నాలుగో తరం ఐ3లు, మూడు అదే కాలపు పెంటియమ్ జీ సిరీస్‌వి. అన్నింటిలో 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. వీటిమీద ఉన్న విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 వీటికి ఎక్కదు. ప్రింటర్లు కెనాన్ ఎల్‌బీపీ2900 ఒకటి, హెచ్‌పీ లేజర్‌జెట్ పీ1108 ఒకటి.

ఒకరు ఉబుంటు అంటున్నారు, ఇంకొకరు రాకీ లినక్స్, మరొకరు ఫెడోరా. సర్వర్‌కీ డెస్క్‌టాప్‌లకీ ఒకే డిస్ట్రో (లినక్స్ రకం) ఉండాలా? నాలుగైదేళ్ళు మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే పని పడకూడదు. తెలుగు టైపింగ్‌కి స్టాఫ్‌లో ఒకరికి ఇన్‌స్క్రిప్ట్, ఒకరికి ఆపిల్ కీబోర్డు లేఅవుట్ అలవాటు. పాత ప్రశ్నపత్రాలన్నీ అనూ ఫాంట్లలో ఉన్నాయి.

రూట్_ప్రాంప్ట్

ముందు సర్వర్ సంగతి. డిస్ట్రో పేరుతో మొదలుపెట్టకండి, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. కోహా బృందం ప్యాకేజీలు తయారుచేసేది డెబియన్ పద్ధతిలో. అంటే డెబియన్, ఉబుంటుల మీద ఆప్ట్‌తో (ప్యాకేజీలు దించి ఎక్కించే కమాండ్) ఎక్కుతుంది, ఆప్ట్‌తోనే అప్‌గ్రేడ్ అవుతుంది. రాకీ, ఆల్మా మంచి సర్వర్ డిస్ట్రోలే, ఒక్కో వెర్షన్‌కి పదేళ్ళ సపోర్ట్ కూడా ఉంది. కానీ వాటిమీద కోహా వేయాలంటే అది ఆధారపడే పెర్ల్ మాడ్యూళ్ళు ఒక్కొక్కటిగా మీరే సమకూర్చుకోవాలి, ప్రతి అప్‌గ్రేడ్‌కీ అదే తంతు. లైబ్రరీ సిబ్బందికి ఆ భారం వద్దు.

ఒక కంపెనీ చేతిలో ఉన్న ఉచిత సర్వర్ డిస్ట్రో సెంటాస్ 8 గుర్తుందిగా? 2029 దాకా ఉంటుందనుకున్నది 2021 డిసెంబరు 31కే ముగిసింది. ఆ ఖాళీని నింపడానికే రాకీ, ఆల్మా పుట్టాయి. సపోర్ట్ తేదీతో పాటు ఆ తేదీ ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి. డెబియన్ ఏ ఒక్క కంపెనీదీ కాదు, ఆ ధైర్యం ఉంది.

డెబియన్ 13 విడుదలైంది 2025 ఆగస్టులో. మూడేళ్ళు పూర్తి సపోర్ట్, తర్వాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) బృందం ఇచ్చే రెండేళ్ళు, మొత్తం ఐదేళ్ళు. డెబియన్ 12కి ఎల్‌టీఎస్ 2028 జూన్ దాకా. మీరు వేయబోయే కోహా వెర్షన్‌కి ఏ డెబియన్ సరిపోతుందో కోహా వికీలోని పట్టికలో చూడండి. 13 ఉంటే 13, లేకపోతే 12.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇవి చూసుకోండి. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడిగినచోట ఖాళీగా వదిలేస్తే మీ యూజర్‌కి సుడో (రూట్ అధికారంతో కమాండ్లు నడిపే వీలు) దానంతటదే వస్తుంది. పాస్‌వర్డ్ ఇస్తే రాదు, తర్వాత సుడో కొడితే మీరు సుడోయర్స్‌లో లేరంటుంది. అప్పుడు ఉత్త "ఎస్‌యూ" కొట్టి రూట్ అయితే ఎస్‌బిన్ ఫోల్డర్లు పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే చోట్లలో) ఉండవు, వెబ్ సర్వర్ అపాచీ మాడ్యూల్ ఆన్ చేసే కమాండ్ కూడా దొరకదంటుంది. "ఎస్‌యూ" తర్వాత ఖాళీ వదిలి ఒక అడ్డగీత పెట్టాలి.

సాఫ్ట్‌వేర్ ఎంపిక తెరలో డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, స్టాండర్డ్ యుటిలిటీస్ రెండే ఉంచండి. రెండు డిస్కులనీ పార్టిషన్ దశలోనే రెయిడ్ 1గా (ఒకే డేటా రెండిట్లోనూ ఉండేలా) కలపండి. ఒక డిస్క్ పోయినా సర్వర్ నడవాలంటే బూట్ లోడర్ గ్రబ్ రెండో డిస్క్ మీద కూడా వేసి ఉండాలి. చాలామంది ఇదే వదిలేస్తారు.

ఆప్ట్‌కి ఇచ్చే కోహా రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే చోటు) లైన్‌లో "స్టేబుల్" అని రాయకండి, వెర్షన్ సంఖ్య రాయండి. కోహా కొత్త వెర్షన్లు మే, నవంబరు నెలల్లో వస్తాయి. స్టేబుల్ అని ఉంటే మామూలు అప్‌గ్రేడ్ కొట్టిన రోజే పెద్ద వెర్షన్ మారిపోతుంది, అది అడ్మిషన్ల వారంలో కూడా కావచ్చు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ_అభిమాని

సర్వర్ విషయంలో పై మాటతో ఏకీభవిస్తాను. ఉబుంటు సర్వర్ 24.04 కూడా తప్పేం కాదు. ఐదేళ్ళ సపోర్ట్ ఉంది, వ్యక్తిగత వాడకానికైతే ఉబుంటు ప్రోతో ఐదు మెషీన్ల దాకా ఉచితంగా పదేళ్ళు. కాలేజీ ఆ లెక్కలోకి రాదు కాబట్టి ఐదేళ్ళనే అనుకోండి. అది వేస్తే ఒకటి గమనించండి: మామూలు ఎల్‌వీఎం (డిస్క్ స్థలాన్ని పంచే పద్ధతి) ఇన్‌స్టాల్‌లో 1 టీబీ డిస్క్ ఇచ్చినా రూట్ పార్టిషన్‌కి 100 జీబీయే కేటాయిస్తుంది, మిగతాది ఖాళీగా పడి ఉంటుంది. ఇన్‌స్టాలర్‌లోనే సైజు మార్చుకోవాలి.

డెస్క్‌టాప్‌లకి మాత్రం లినక్స్ మింట్ 22 సిరీస్, ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికైన డెస్క్‌టాప్) ఎడిషన్. ఉబుంటు 24.04 మీద కట్టింది కాబట్టి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే తరహా ప్యాకేజీగా వస్తుంది, హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో అది తెరుచుకోవడానికే చాలాసేపు పడుతుంది. మింట్‌లో మామూలు డెబ్ ప్యాకేజీ. సర్వర్‌లో డెబియన్, డెస్క్‌టాప్‌లో మింట్ అయినా రెండూ ఆప్ట్ కుటుంబమే, నేర్చుకున్న కమాండ్లు రెండుచోట్లా పనికొస్తాయి. అచ్చంగా ఒకే డిస్ట్రో అవసరం లేదు.

ఫెడోరా బాగుంటుంది, కానీ ఒక్కో వెర్షన్‌కి దాదాపు 13 నెలలే సపోర్ట్. తొమ్మిది మెషీన్లని ఏటా అప్‌గ్రేడ్ చేసే మనిషి మీకు ఉన్నారా?

మీ పెంటియమ్ మెషీన్ల గురించి. ఆ తరం ఐ3లలో ఏవీఎక్స్2 (ప్రాసెసర్‌కి ఉండే ఒక ఆదేశాల సముదాయం) ఉంటుంది, పెంటియమ్ జీలలో ఉండదు. ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి ఫ్లాగ్స్ వరుసలో చూడండి. రాకీ 10 వంటివి ఏవీఎక్స్2 లేని ప్రాసెసర్ మీద బూట్ కావు. ఆల్మా 10 మాత్రం పాత ప్రాసెసర్ల కోసం విడిగా ఒక బిల్డ్ ఇస్తోంది. మింట్‌కి, డెబియన్‌కి ఈ పట్టింపు లేదు.

డబ్బు కొంచెం ఉంటే ముందు 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలు కొనండి, తర్వాత ఒక్కోదానికి ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్. డిస్ట్రో మార్పు కన్నా ఎస్‌ఎస్‌డీ తెచ్చే తేడా ఎక్కువ. అన్నిటికన్నా ముందు పాత బోర్డులన్నిటిలో సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది అయిపోతే గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది. నెట్ ఉంటుంది కానీ సైట్లన్నీ సర్టిఫికెట్ చెల్లదంటాయి, ఆప్ట్ "రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు" అంటుంది. జనం డిస్ట్రో పాడైందనుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు.

పాఠకుల మెషీన్లలో లాగిన్ విండో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి గెస్ట్ సెషన్ ఆన్ చేయండి. లాగౌట్ కాగానే వాళ్ళు దించుకున్న ఫైళ్ళు, బ్రౌజర్ చరిత్ర అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

అక్షరమాల

తెలుగు, ప్రింటర్ల గురించి చెప్తాను.

ఇన్‌స్క్రిప్ట్ వాడేవారికి అదనంగా ఏదీ వేయక్కర్లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ జోడిస్తే చాలు. ఆపిల్ కీబోర్డుకి ఐబస్ అనే టైపింగ్ సాధనంతో నడిచే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ కావాలి, అందులో ఆపిల్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లు కూడా ఉంటాయి. మింట్‌లో ఇన్‌పుట్ మెథడ్ అనే టూల్ తెరిచి ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి. అది చేయకపోతే ఐబస్ ఐకాన్ కనిపిస్తున్నా ఇంగ్లీషే పడుతుంది. ఫాంట్లకి ఫాంట్స్-తెలు ప్యాకేజీ.

లిబ్రెఆఫీస్‌లో తెలుగుని కాంప్లెక్స్ టెక్స్ట్ కింద లెక్కిస్తారు. ఆప్షన్స్‌లో భాషల దగ్గర దాన్ని ఆన్ చేసి తెలుగు ఎంచుకోండి. స్టైల్‌లో ఇంగ్లీషుకి ఒక ఫాంటు, సైజు, తెలుగుకి వేరే ఫాంటు, సైజు ఉంటాయి. పైదొకటే మార్చి తెలుగు అక్షరం పెరగలేదని కంగారుపడొద్దు.

అనూ ఫైళ్ళు యూనికోడ్ కావు. లినక్స్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తాయి. అందుకని ఒక ఐ3ని విండోస్‌తోనే ఉంచండి, నెట్ కేబుల్ తీసేసి. పాత పేపర్లు అవసరమైనప్పుడు అక్కడ తెరవచ్చు, తీరిగ్గా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. ఎల్‌బీపీ2900ని కూడా ఆ మెషీన్‌కే తగిలించండి. అది క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడే ప్రింటర్, లినక్స్ డ్రైవర్ ఉన్నా కొత్త డిస్ట్రోలలో నిలకడగా పనిచేయదు.

పీ1108 చక్కగా నడుస్తుంది. కాకపోతే హెచ్‌పీ-లిప్‌తో (హెచ్‌పీ ప్రింటర్ల లినక్స్ డ్రైవర్) పాటు దాని ప్లగిన్ కూడా దించాలి, ఆ కమాండ్ హెచ్‌పీ-ప్లగిన్. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీ-లిప్ వెర్షన్ ఒకటే ఉండాలి. హెచ్‌పీ-లిప్ అప్‌డేట్ అయిన మర్నాడు ప్రింట్ క్యూలోనే ఆగిపోతే కారణం దాదాపు అదే, ప్లగిన్ మళ్ళీ దించితే సరిపోతుంది.

గ్రంథాలయం_డెస్క్

అందరికీ ధన్యవాదాలండి. డెబియన్ మీద కోహా ట్రయల్ వేశాం. పాఠకుల క్యాటలాగ్ పేజీ వస్తోంది, స్టాఫ్ పేజీ 8080 పోర్ట్ మీద తెరుచుకోవట్లేదు. ఇంకోటి, తెలుగు శీర్షికలు నమోదవుతున్నాయి కానీ వెతికితే సరిగ్గా దొరకట్లేదు.

రూట్_ప్రాంప్ట్

మొదటిదానికి రెండుచోట్ల చూడాలి. ఈటీసీ కింద కోహా ఫోల్డర్‌లోని కోహా-సైట్స్ ఫైల్‌లో ఇంట్రాపోర్ట్ 8080 అని ఉండాలి, అదీ ఇన్‌స్టెన్స్ (మీ లైబ్రరీ కోహా సైట్) సృష్టించకముందే. తర్వాత అపాచీ పోర్ట్స్ ఫైల్‌లో "లిజన్ 8080" లైన్ చేర్చి అపాచీని రీస్టార్ట్ చేయండి. మీకు తక్కువైంది బహుశా ఈ రెండోదే.

రెండోది డిస్ట్రో సమస్య కాదు, కోహా వెతుకులాటకి వాడే జీబ్రా ఇండెక్స్‌ది. మామూలుగా అది వాడే అక్షరాల పట్టికలో తెలుగు లేదు. కోహా ఫోల్డర్‌లో జీబ్రాడీబీ, అందులో ఈటీసీ, అందులో డిఫాల్ట్ డాట్ ఐడీఎక్స్ ఫైల్ ఉంటుంది. దానిలో క్యార్‌మ్యాప్ అని ఉన్న లైన్లని ఆపి, ఐసీయూచెయిన్ లైన్లు పెట్టండి. జీబ్రాని రీస్టార్ట్ చేసి, కోహా-రీబిల్డ్-జీబ్రా కమాండ్‌ని "ఎఫ్" ఆప్షన్‌తో నడపండి. ఎఫ్ లేకపోతే పాత రికార్డులు పాత ఇండెక్స్‌లోనే ఉండిపోతాయి. ఇకముందు కోహా అప్‌గ్రేడ్‌లో ఈ ఫైల్ గురించి మీ కాపీ ఉంచాలా, కొత్తది వేయాలా అని అడిగితే మీ కాపీ ఉంచమనండి. కొత్తది వేస్తే తెలుగు వెతుకులాట మళ్ళీ మొదటికొస్తుంది.

బ్యాకప్: కోహా రోజూ తనంతట తానే డంప్ (డేటా కాపీ) తీస్తుంది, కానీ అదే డిస్క్ మీద, వార్ కింద స్పూల్ ఫోల్డర్‌లో, రెండు రోజులవే ఉంచుతుంది. రెయిడ్ బ్యాకప్ కాదు, పొరపాటున తుడిచినది రెండు డిస్కుల్లోనూ పోతుంది. ఆ ఫోల్డర్‌ని ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో రాత్రిపూట ఒక డెస్క్‌టాప్‌కి, వారానికోసారి బయటి డిస్క్‌కి పంపండి. సెమిస్టర్‌కి ఒకసారి ఆ డంప్‌ని వేరే మెషీన్‌లో కోహా-రిస్టోర్‌తో ఎక్కించి, పది తెలుగు శీర్షికలు వెతికి చూడండి.