డైవ్ టెస్ట్ చూసి సీజీ వెనక్కి జరపడం సరైనదేనా?

సన్నరెక్క:
రేడియోతో నడిపే మోడల్ మోటార్ గ్లైడర్. రెక్క పొడవు 1500 మి.మీ., వెడల్పు అంతటా 200 మి.మీ. తోక 420 × 107, 3 మి.మీ. బాల్సా పలక. రెక్క నుంచి తోకకి దూరం 650. మొత్తం బరువు 900 గ్రాములు, అందులో బ్యాటరీ 180. సీజీ (బరువు కేంద్రం) రెక్క లీడింగ్ ఎడ్జ్ (ముందు అంచు) నుంచి 50 మి.మీ., అంటే రెక్క వెడల్పులో 25 శాతం దగ్గర ఉంది. మోటార్ ఆపి 45 డిగ్రీల డైవ్‌లో పెట్టి స్టిక్ వదిలితే ముక్కు ఒక్కసారిగా పైకి లేచి లూప్‌లోకి పోతోంది. నేరుగా దిగేదాకా సీజీ వెనక్కి జరపమని కొందరంటున్నారు. డైవ్ టెస్టే తప్పు, లెక్క కట్టుకోమని ఇంకొందరు. ఎవరి మాట వినాలి?

ఏటవాలు:
డైవ్ టెస్ట్ తప్పేం కాదు. సీజీ బాగా ముందుంది, విమానం అదే చెబుతోంది. ముక్కు బరువుని మోయడానికి ఎలివేటర్ (తోక వెనక కదిలే పలక) పైకి ట్రిమ్ అయి (స్టిక్ వదిలినా కొంచెం పైకే నిలిచేలా సర్ది) ఉంటుంది, చూడండి. ఆ ట్రిమ్ మామూలు గ్లైడ్ వేగానికి సరిపోయేది. డైవ్‌లో వేగం రెట్టింపైతే అదే ఎలివేటర్ మీద గాలి బలం నాలుగింతలు అవుతుంది, అందుకే ముక్కు లేస్తుంది. సీజీని 3 మి.మీ. చొప్పున వెనక్కి జరపండి. జరిపిన ప్రతిసారీ మళ్లీ ట్రిమ్ చేసి మళ్లీ డైవ్ చేయండి. నేరుగా దిగితే ఆపేయండి. ముక్కు ఇంకా కిందికి ముడుచుకుంటే ఒక మెట్టు ముందుకి తెచ్చేయండి.

తోకకొలత:
ఏటవాలు గారూ, "నేరుగా దిగితే ఆపేయండి" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. ట్రిమ్ మార్చని విమానం డైవ్‌లో నేరుగా పోతోందంటే దానికి స్టాటిక్ మార్జిన్ (స్థిరత్వం సున్నా అయ్యే న్యూట్రల్ పాయింట్‌కి సీజీ ఎంత ముందుందో, రెక్క వెడల్పులో శాతంగా) దాదాపు సున్నా అన్నమాట. మార్జిన్ ఎంత కొంచెం ఉన్నా విమానం తన ట్రిమ్ కోణానికి తిరిగి రావాల్సిందే. మార్జిన్ 20 శాతం ఉంటే గబుక్కున వస్తుంది, 5 శాతం ఉంటే నింపాదిగా వస్తుంది, కానీ రావడం మానదు. నేరుగా దిగడం ఆరితేరిన పైలట్ కావాలని ఎంచుకునే సెట్టింగ్. అందరికీ అదే గమ్యమని చెప్పకూడదు.

సన్నరెక్క గారి కొలతలతోనే లెక్క కడదాం. తోక విస్తీర్ణం 450 చ.సెం.మీ., దూరం 65 సెం.మీ., రెక్క విస్తీర్ణం 3000 చ.సెం.మీ., వెడల్పు 20 సెం.మీ. 450 × 65 ని 3000 × 20 తో భాగిస్తే తోక వాల్యూమ్ (రెక్కతో పోలిస్తే తోక పట్టు ఎంతో చెప్పే అంకె) 0.49. ఇలాంటి మోడల్‌కి ఇది మంచి తోకే. అయితే ఈ 0.49 మొత్తం పనికి రాదు, మూడు చోట్ల కోత పడుతుంది. రెక్క ఆస్పెక్ట్ రేషియో (పొడవుని వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 7.5, తోకది సుమారు 4, కాబట్టి ఒక్కో డిగ్రీకి తోక ఇచ్చే లిఫ్ట్ రెక్కతో పోలిస్తే 0.845 వంతే. రెక్క వెనక గాలి కిందికి వంగడం వల్ల రెక్క కోణం ఒక డిగ్రీ మారితే తోకకి తెలిసేది 0.58 డిగ్రీ. బాడీ వెనక గాలి మందగిస్తుంది కాబట్టి ఇంకో 0.9. అన్నీ గుణిస్తే 0.215. దానికి రెక్క సొంత 0.25 కలిపితే న్యూట్రల్ పాయింట్ 46.5 శాతం, అంటే 93 మి.మీ. దగ్గర. బాడీ ముక్కు దాన్ని రెండు మూడు శాతం ముందుకి లాగుతుంది, కాబట్టి 88 అనుకోండి.

ఇప్పుడు సీజీ 50 దగ్గర ఉంది, మార్జిన్ 19 శాతం. అంత బిగువు అక్కర్లేదు, నిజమే. 10 శాతం చాలనుకుంటే సీజీ 68 దగ్గరకి రావాలి. 18 మి.మీ. జరగాలంటే బ్యాటరీ 90 మి.మీ. వెనక్కి పోవాలి (900 × 18 ÷ 180). బాడీలో అంత చోటుందో లేదో ముందే చూసుకోండి. 25 శాతం అన్నది రెక్క ఒక్కదాని లిఫ్ట్ కేంద్రం. విమానం మొత్తానికి అదే సరైన సీజీ అనుకోవడం పాత అలవాటు. తోక పెద్దదైతే సీజీ ఇంకా వెనక ఉన్నా ఏం కాదు.

ఏటవాలు:
లెక్క బాగుంది, కాదనను. కానీ 3 మి.మీ. పలక తోక చిన్న కోణాల్లో, తక్కువ వేగంలో పుస్తకంలో ఉన్నంత లిఫ్ట్ ఇస్తుందా? మీరు వేసిన 0.845 చక్కటి సెక్షన్ ఉన్న తోకకి వర్తిస్తుంది. పలకకి కోత ఇంకా పడుతుంది, న్యూట్రల్ పాయింట్ ఇంకొంచెం ముందుకి వస్తుంది. అంచులు గుండ్రంగా రుద్దారా, చతురంగా వదిలేశారా అన్న దానికే తేడా వస్తుంది. కాగితం మీద 10 శాతం అని జరిపితే గాలిలో 5 ఉండొచ్చు. అందుకే చివరి మాట డైవ్‌దే అంటాను. "నేరుగా దిగాలి" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. స్టిక్ వదిలాక మెల్లగా, పెద్ద వంపులో పైకి రావాలి. అక్కడితో ఆపడం మేలు.

బిగిపుష్‌రాడ్:
అసలు చూడాల్సింది ఇద్దరూ చూడలేదు. వేగంలో ఎలివేటర్ మీరు పెట్టిన చోటే ఉంటుందని ఎవరు చెప్పారు? రేడియో ఆన్ చేసి, ఎలివేటర్ వెనక అంచుని వేలితో నొక్కి చూడండి. సర్వో (ఎలివేటర్‌ని కదిపే చిన్న మోటార్) చేయి కదలకుండానే అంచు 2 మి.మీ. వంగితే ఆ విమానం మీద డైవ్ టెస్ట్ చేసి లాభం లేదు. పైకి ట్రిమ్ చేసిన ఎలివేటర్‌ని గాలి వెనక్కి తోసేస్తుంది, ముక్కు లేవదు. ముక్కు బరువున్న విమానం కూడా నేరుగా దిగుతుంది. అది చూసి సీజీ సరిపోయిందనుకుంటారు.

దీనికి కారణం చాలాసార్లు హార్న్ (సర్వో నుంచి వచ్చే పుష్‌రాడ్ తీగని ఎలివేటర్‌కి తగిలించే చిన్న కొమ్ము) ఉన్న చోటే. సర్వో ముందుండి, హార్న్ ఎలివేటర్ కింద ఉంటే, అప్ కోసం పుష్‌రాడ్ తోయాలి. తోపుకి సన్న తీగ విల్లులా వంగుతుంది. హార్న్ పైన పెడితే అప్ కోసం లాగుతుంది, లాగుడులో తీగ వంగదు. డైవ్ నుంచి లేవడానికి కావాల్సిన బలం లాగుడు మీద పడేలా హార్న్ పైకి మార్చడం పది నిమిషాల పని. కిందే ఉంచాలంటే తీగని గొట్టంలో నడిపి, ఆ గొట్టాన్ని బాడీ గోడకి 10 సెం.మీ.కి ఒకచోట అతికించండి.

రెక్క కూడా మోసం చేస్తుంది. కొనని రెండు వేళ్లతో పట్టుకుని మెలిపెట్టి చూడండి. సులువుగా తిరిగితే, వంపున్న సెక్షన్ వేగంలో తన ముందు అంచుని కిందికి తిప్పుకుంటుంది. ముక్కు ముడుచుకుంటుంది, వేగం పెరిగేకొద్దీ ఇంకా ముడుచుకుంటుంది. దాన్ని తోక బరువు అనుకుని సీజీ ముందుకి తెస్తే జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టు. ముందు రెక్కకి మెలిక పడని బిగువు తేవాలి.

సన్నరెక్క:
చూశాను. హార్న్ కిందే ఉంది, నొక్కితే అంచు 1.5 మి.మీ. కదులుతోంది. అయినా లూప్ కొడుతోందంటే?

బిగిపుష్‌రాడ్:
అసలు మార్జిన్ మీకు కనిపించేదానికన్నా ఎక్కువే ఉందన్నమాట. ముందు హార్న్ పైకి మార్చండి, సీజీ తర్వాత ముట్టుకోండి. మార్చాక మొదటి డైవ్ 45 వద్దు, 20 డిగ్రీలు చాలు. ఇప్పటికన్నా గట్టిగా లేస్తుంది, రెక్క మీద బరువు పడుతుంది.

రెండుసీట్లు:
ఇంట్లో నిజం విమానం కట్టుకునేవాళ్లు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి ఒక్క మాట. మనిషి కూర్చునే విమానం మీద ఈ డైవ్ టెస్ట్ చేయకండి. ఫ్లట్టర్ (వేగంలో రెక్క, తోక అదుపు తప్పి అదరడం) భయం ఒకటైతే, పరీక్ష అర్థం కూడా అక్కడ వేరు. మోడల్‌లో స్టిక్ వదిలినా సర్వో ఎలివేటర్‌ని బిగించి పట్టుకుంటుంది. పెద్ద విమానంలో చేయి వదిలితే ఎలివేటర్ గాలికి తేలుతుంది. అలా తేలే తోక స్థిరత్వం కొంత పోగొట్టుకుంటుంది. సాధారణంగా చేయి వదిలినప్పటి న్యూట్రల్ పాయింట్, బిగించినప్పటి దానికన్నా ముందుంటుంది. బిగిపుష్‌రాడ్ గారు చెప్పిన మెత్తటి తీగ మోడల్‌ని ఈ రెండింటి మధ్యలోకి తెస్తుంది. అందుకే ఒకే సీజీతో రెండు మోడళ్లు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి.

పెద్ద విమానంలో పద్ధతి ఇది: సీజీని దాని హద్దుల మధ్య ముందు సగంలో ఉంచి మొదలుపెట్టండి. ఒక వేగానికి ట్రిమ్ చేసి, ట్రిమ్ ముట్టకుండా 10 నాట్లు తగ్గించండి. ఆ వేగంలో నిలవడానికి స్టిక్ లాగి పట్టుకోవాల్సి వస్తే మంచిది. లాగుడు చాలా తేలికైపోతే హద్దు దగ్గరపడింది, తోయాల్సి వస్తే దాటిపోయింది. తర్వాత కదలకుండా బిగించిన బరువులతో సీజీని కొంచెం కొంచెం వెనక్కి తెస్తూ ప్రతి మెట్టులో ఇదే చూడండి.

తోకకొలత:
రెండుసీట్లు గారి మాటతో నా లెక్కకి ఒక సవరణ. అది బిగించిన ఎలివేటర్‌కే వర్తిస్తుంది, తీగ మెత్తగా ఉంటే 88 అన్న అంకె చెల్లదు. పలక తోక గురించి ఏటవాలు గారన్నదీ ఒప్పుకుంటున్నా. కాబట్టి 68కి ఒకేసారి పోవద్దు. హార్న్ మార్చి, 59 దాకా మూడు మెట్లలో వెళ్లండి. అక్కడి నుంచి ఒక్కో మెట్టు 3 మి.మీ., అంటే బ్యాటరీ 15 మి.మీ. ప్రతి మెట్టులో ఎలివేటర్ ట్రిమ్ ఎంత కిందికి వచ్చిందో రాసుకోండి. సీజీ జరుపుతున్నా ట్రిమ్ మారడం ఆగిపోతే ఎక్కడో ఏదో జారుతోందని అర్థం, డైవ్ చేయకుండా దింపి చూడండి.

ఇంకొకటి, ఆ 650 ఎక్కడి నుంచి కొలిచారు? రెక్క వెడల్పులో పావు భాగం నుంచి తోక వెడల్పులో పావు భాగం దాకా కొలవాలి.

సన్నరెక్క:
రెక్క వెనక అంచు నుంచి తోక ముందు అంచుకి కొలిచాను.

తోకకొలత:
అయితే అసలు దూరం 650 + 150 + 27, అంటే 827. తోక వాల్యూమ్ 0.62 అవుతుంది, న్యూట్రల్ పాయింట్ 104 దగ్గరకి, బాడీ కోత పోను 99కి వెళ్తుంది. ఇప్పుడున్న మార్జిన్ 19 కాదు, 24 శాతానికి పైనే. అంత గట్టిగా లూప్ ఎందుకు కొడుతోందో ఇప్పుడు తెలిసింది. 68 దగ్గర కూడా 15 శాతం మిగులుతుంది, అక్కడిదాకా నిర్భయంగా వెళ్లండి. ఆ తర్వాత ఎంతవరకు అన్నది డైవ్ చెప్పాలి.