అప్‌డేట్: కొచ్చి నుంచి విశాఖకి పడవ, కెప్టెన్ దొరికారు

కొచ్చిలో కొన్న 34 అడుగుల తెరచాప పడవని విశాఖకి తెప్పించాలి, జీతమిచ్చి కెప్టెన్‌ని పెట్టుకోవచ్చా అని అడిగాను కదండీ, పెట్టుకున్నాను. బెజవాడ నుంచే ఫోన్ల మీద అందరితో మాట్లాడి, ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకునేంత అనుభవం ఉన్నాయనకే ఇచ్చాను. రోజు లెక్కన జీతం, రాత్రిళ్లు వంతులవారీగా కాపలాకి తోడు ఇంకో మనిషి, డీజిల్, తిండి, తిరుగు టికెట్ అన్నీ నావే, వాతావరణం బాగోక రేవులో ఆగిన రోజుకి సగం జీతం. ఈ ఆగిన రోజుల సంగతి తప్పకుండా ముందే కాగితం మీద పెట్టుకోండి, గొడవలొచ్చేది అక్కడే.

బయల్దేరే ముందు ఆయన తెరచాప కొయ్యని పట్టి ఉంచే స్టీలు తీగల వెంబడి దూది రాసుకుంటూ వెళ్లారు. ఒకచోట పింజ చిక్కుకుంది, చూస్తే తీగలో ఒక పోగు తెగి ఉంది! అది మార్చాకే పడవ కదిలింది. నాకు ఆయన మీద గురి కుదిరింది అప్పుడే.

రామసేతు దగ్గర లోతు చాలదు కాబట్టి శ్రీలంక చుట్టూ తిరిగి వస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం, ఫిబ్రవరి వరకు ఆగుదామన్నదీ ఆయనే. 1977 దివిసీమ ఉప్పెన చూసిన మా నాన్నగారికి ఆ మాటతో సగం టెన్షన్ తగ్గింది.

నిన్న కన్యాకుమారి దగ్గర సిగ్నల్ ఉండగా ఫోన్ చేశారు, గాలి అనుకూలంగానే ఉందట. విశాఖలో పడవ అప్పజెప్పాక మిగతా డబ్బు ఇస్తాను.